480 పేర్ల బ్యాలెట్: నల్లగొండ ఓటరు కథ

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఓటరు చేతికి బ్యాలెట్ కాగితానికి బదులు బ్యాలెట్ పుస్తకం వచ్చింది. దాదాపు యాభై పేజీలు. అందులో 480 మంది అభ్యర్థుల పేర్లు, వాళ్ల గుర్తులు. ఏర్పాట్లకు వ్యవధి చాలక ఎన్నికల సంఘం అక్కడి పోలింగును నెల రోజులు వాయిదా వేయాల్సి వచ్చింది. కంపార్ట్‌మెంటులోకి వెళ్లిన ఓటరు పేజీలు తిప్పుకుంటూ తన గుర్తు ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాని మీదే ముద్ర వేసి, ఆ పుస్తకాన్ని మడిచి పెట్టెలో వేయాలి. అక్షరం రాని ముసలివాళ్లు కూడా ఆ పని చేసి వచ్చారు.

ఓట్లు లెక్కపెట్టాక తేలింది ఇంకా ఆసక్తికరం. 480 మందిలో 477 మందికి డిపాజిట్ గల్లంతైంది. అంటే, చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి తెచ్చుకున్నది ముగ్గురే. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. అంత పెద్ద జాబితా ముందు పెట్టినా ఓటరు తికమక పడలేదు, ఓట్లు చెల్లాచెదురు కాలేదు. నీళ్లు రాలేదన్న కోపాన్ని నామినేషన్ల రూపంలో చూపించిన జిల్లా, ఓటు దగ్గరికి వచ్చేసరికి లెక్క చూసుకుంది. ఢిల్లీకి తమ గోడు వినిపించడం ఒక పని, ఢిల్లీలో తమ తరఫున కూర్చునే మనిషిని ఎంచుకోవడం వేరే పని అని నల్లగొండ విడదీసి చూసింది.

ఆ తెలివి ఒక్కరోజులో వచ్చింది కాదు. దాని మూలాలు మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే ఉన్నాయి.

1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా సాగిన ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద 17 కోట్ల మందికి పైగా ఓటర్లు. వాళ్లలో అత్యధికులకు చదవడం రాదు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దీనికి కనిపెట్టిన ఉపాయం గుర్తులు, పెట్టెలు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె. దాని మీద అతని గుర్తు. ఓటరు చేసేదల్లా తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి రావడమే. ముద్ర వేసే పని లేదు. ఆ పెట్టెలు తయారు చేసిన సంస్థల్లో బొంబాయి గోద్రెజ్‌తో పాటు హైదరాబాదులోని ఆల్విన్ కూడా ఉంది. తర్వాతి రోజుల్లో ఫ్రిజ్‌లతో, వాచీలతో తెలుగు ఇళ్లలోకి వచ్చిన పేరు అది. ఓటర్ల జాబితాలో పేర్లు రాయించుకోవడమే అప్పట్లో ఒక పోరాటం. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పని స్త్రీలు దేశంలో సుమారు 28 లక్షల మంది జాబితాకు దూరమయ్యారు. సొంత పేరుతో నమోదు కావాల్సిందేనని సేన్ పట్టుబట్టాడు.

నల్లగొండ అప్పటికి మామూలు జిల్లా కాదు. 1946 నుంచి దొరల మీద, నిజాం మీద, ఆ తర్వాత భారత సైన్యం మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి అది గుండెకాయ. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. కొన్ని నెలలకే పోలింగు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పార్టీవాళ్లు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. కొత్త పేరు, కొత్త గుర్తు. అయినా ఊళ్లలో జనానికి పీడీఎఫ్ అంటే ఎవరో విడమరిచి చెప్పాల్సిన అవసరం పడలేదు. వాళ్లకు అది ‘సంఘం’. వెట్టి మాన్పించిన సంఘం, దున్నుకునేవాడికి భూమి పంచిన సంఘం.

నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. ఓటరుకు రెండు ఓట్లు. ఒక జనరల్ సీటు, ఒక రిజర్వుడు సీటు. రెండూ పీడీఎఫ్‌కే దక్కాయి. జనరల్ సీటులో రావి నారాయణరెడ్డికి పడిన ఓట్లు 3,09,162. అదే ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్ నుంచి పోటీ చేసిన నెహ్రూకు వచ్చినవి 2,33,571. ప్రధానమంత్రి కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న నాయకుడిగా నారాయణరెడ్డి పేరు తెలుగునాట ఇప్పటికీ వినబడుతుంది. రెండూ రెండేసి ఓట్లున్న నియోజకవర్గాల్లో వచ్చిన అంకెలే అన్న సంగతి మాత్రం చాలామంది చెప్పరు. ఆ సంగతి చెప్పుకున్నా, ఆ గెలుపు ఏమీ తగ్గదు. అసెంబ్లీలో 175 స్థానాలకు గాను పీడీఎఫ్ 42 గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, సూర్యాపేట నుంచి ధర్మభిక్షం శాసనసభకు వెళ్లారు. 1996లో 480 మందిలో నెగ్గుకొచ్చిన ధర్మభిక్షం ఆయనే. గుర్తుల పెట్టెలతో మొదలైన ఆయన ఎన్నికల ప్రయాణం యాభై పేజీల బ్యాలెట్ దాకా సాగింది.

నిన్నటిదాకా తుపాకి పట్టినవాళ్లు, వాళ్లకు అన్నం పెట్టినవాళ్లు వరసలో నిలబడి చీటీ వేశారన్నది చరిత్రలో చిన్న విషయం కాదు. అంతకన్నా గమనించాల్సింది, వాళ్లు ఏం చూసి వేశారన్నది. అభ్యర్థి చెప్పే మాటను అతను అప్పటికే చేసిన పనితో పోల్చి చూసే వీలు వాళ్లకు ఉంది. మాట ఇచ్చినవాడు ఊళ్లో తిరిగినవాడే, జైలుకు పోయి వచ్చినవాడే.

అలాగని నల్లగొండ ఒకే జెండాకు కట్టుబడి కూర్చోలేదు. 1957లో పీడీఎఫ్ తరఫున దేవులపల్లి వెంకటేశ్వరరావును, 1962లో సీపీఐ తరఫున మళ్లీ రావి నారాయణరెడ్డిని పంపిన జిల్లా 1967లో కాంగ్రెస్ అభ్యర్థి యూనస్ సలీంను గెలిపించింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత 1971లో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానాలకు 10 గెలిచింది. వాటిలో నల్లగొండ ఒకటి. 1984లో తెలుగుదేశం, 1989లో కాంగ్రెస్, 1991లోనూ 1996లోనూ ధర్మభిక్షం, 1998లో సీపీఐ నుంచే సురవరం సుధాకరరెడ్డి, 1999లో తెలుగుదేశం నుంచి గుత్తా సుఖేందర్‌రెడ్డి, 2004లో మళ్లీ సురవరం, 2009లో మళ్లీ గుత్తా, ఈసారి కాంగ్రెస్ నుంచి. ఈ వరస చూస్తే ఓటరు మాట నిలకడలేనిదని కొందరికి అనిపించవచ్చు. పొత్తులు మారినప్పుడల్లా ఎవరు నెగ్గే స్థితిలో ఉన్నారో, హైదరాబాదులో ఢిల్లీలో ఎవరి మాట చెల్లుతుందో చూసుకుని ఓటు వేసిన జిల్లాగానూ దాన్ని చదువుకోవచ్చు. జెండాలు మారుతున్నా జిల్లా అడుగుతున్నది మాత్రం మారలేదు. అది నీళ్లు.

నాగార్జునసాగర్ ఈ జిల్లాలోనే ఉంది. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పచ్చబడింది. పడమటన ఎత్తు మీదున్న దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపుకు ఆ నీళ్లు ఎక్కవు. అక్కడ మిగిలింది భూగర్భ జలం. బావి ఎంత లోతుకు తవ్వితే, బోరు ఎంత లోతుకు దింపితే నీళ్లలో ఫ్లోరైడ్ అంత ఎక్కువ. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పిల్లల పళ్లు గార పట్టాయి, పడుచువాళ్ల నడుములు వంగాయి, కాళ్లు దొడ్డి తిరిగాయి.

ఈ జబ్బు సంగతి ప్రభుత్వాలకు తెలియక కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసిందే తెలుగు నేల మీద, 1937లో, నాటి నెల్లూరు జిల్లా ప్రాంతంలో. నల్లగొండలో అది ఉందని నిజాం కాలంలోనే బయటపడింది. 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని రూపొందించి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఇథియోపియా, టాంజానియా దాకా పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు పాకింది. నల్లగొండ పల్లెల్లో మాత్రం ఆ శుద్ధి యంత్రాలు నిలకడగా నడిచినవి తక్కువ. రోజూ పటిక కొలిచి వేసేవాళ్లు, అడుగున చేరిన మడ్డి తీసేవాళ్లు, చెడిపోతే బాగుచేసేవాళ్లు కావాలి. జనం అడిగింది అంతకన్నా సూటైన మందు. కృష్ణ నీళ్లు. అందుకు దారి శ్రీశైలం ఎడమ గట్టు కాలువ, జిల్లా నోట్లో ‘ఎస్సెల్బీసీ’.

బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన దుశ్చర్ల సత్యనారాయణ ఈ కోరిక చుట్టూ జలసాధన సమితిని నిలబెట్టాడు. పాదయాత్రలు, ధర్నాలు, వినతిపత్రాలు అన్నీ అయ్యాయి. 1996 ఎన్నికలు వచ్చేసరికి సమితి కొత్త పద్ధతి ఎంచుకుంది. చట్టం ఎవరినైనా పోటీ చేయనిస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం పెట్టిన లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. నలభై అయిదేళ్లుగా ధరలు ఎక్కడికో పోయినా ఆ మొత్తం కదల్లేదు. 480 మందికీ పూర్తి డిపాజిట్ లెక్కవేసినా 2 లక్షల 40 వేలే. అంత ఖర్చుతో ఎన్నికల సంఘాన్ని, ఢిల్లీ పత్రికలను, పార్లమెంటును ఒకేసారి నల్లగొండ వైపు తిప్పవచ్చు. పల్లెల్లో చందాలు పోగయ్యాయి, మామూలు మనుషులు నామినేషన్లు వేశారు. తాము గెలుస్తామని వాళ్లెవరూ అనుకోలేదు. బ్యాలెట్ మీద తమ పేరుండటమే వాళ్ల అర్జీ.

ఆ ఏడాది ఇలాంటి ఆలోచన ఇతరులకూ వచ్చింది. తమిళనాడులో మొడక్కురిచ్చి అసెంబ్లీ స్థానానికి రైతులు పెద్దఎత్తున బరిలో దిగడంతో అభ్యర్థుల సంఖ్య 1,033కు చేరింది. కర్ణాటకలో బెల్గాం లోక్‌సభ స్థానంలో 456 మంది. దేశమంతటా 543 స్థానాలకు 13,952 మంది పోటీ పడ్డారు. వాళ్లలో 10,635 మంది స్వతంత్రులు, గెలిచినవాళ్లు తొమ్మిది మందే.

ప్రభుత్వం ఆ అర్జీ సారం కన్నా ముందు అర్జీ దారిని చూసింది. అదే ఏడాది ఆగస్టు నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టం మారింది. లోక్‌సభ డిపాజిట్ పదివేలకు, ఎస్సీ, ఎస్టీలకు ఐదువేలకు పెరిగింది. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులకు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. పోలింగుకు ముందు అభ్యర్థి చనిపోతే ఎన్నిక రద్దయ్యే పద్ధతి పోయింది, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగు వాయిదా పడుతుంది. 1998లో అభ్యర్థుల సంఖ్య 4,750కి పడిపోయింది. స్వతంత్రులను లోక్‌సభకు పోటీ చేయనివ్వొద్దని 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో సిఫారసు చేసింది కూడా. అది చట్టం కాలేదు. డిపాజిట్ మాత్రం 2010లో ఇరవై ఐదు వేలైంది.

నిరసన నామినేషన్లకు గేటు బిగుసుకుంటున్న కాలంలోనే ఓటరు చేతికి వేరే పనిముట్లు వచ్చాయి. అభ్యర్థి మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని వమ్ము చేస్తూ తెచ్చిన చట్ట సవరణను మరుసటి ఏడాది కొట్టేసింది. నామినేషనుతో పాటు ఫారం 26 అఫిడవిట్ అప్పటి నుంచే ఓటరు చూడదగ్గ కాగితమైంది. ఐదేళ్లలో ఆస్తి ఎంత పెరిగింది, కేసుల్లో ఏ సెక్షన్లు ఉన్నాయి, ఐదేళ్ల కిందటి అఫిడవిట్‌కూ ఇప్పటిదానికీ పొంతన ఉందా, ఇవన్నీ ఇప్పుడు ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనే దొరుకుతాయి. 2013లో నోటా వచ్చింది. నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా, దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలిచినట్టు. ‘మీరెవరూ వద్దు’ అనడానికి అది సరిపోతుంది. ‘మాకు ఈ నీళ్లు కావాలి’ అని చెప్పే వీలు అందులో లేదు. అందుకే 1996 పద్ధతి మూలబడలేదు.

2019లో అది నిజామాబాద్‌లో లేచింది. పసుపుకు బోర్డు, గిట్టుబాటు ధర, ఎర్రజొన్నకు మద్దతు ధర కావాలని ఆర్మూరు, బాల్కొండ, జగిత్యాల వైపు రైతులు ఎంత అడిగినా ఫలితం కనిపించక, లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది, వాళ్లలో 178 మంది రైతులు. డిపాజిట్ ఇప్పుడు ఇరవై ఐదు వేలు. 178 మందికి పూర్తి మొత్తం చొప్పున లెక్కిస్తే 44 లక్షల 50 వేల రూపాయలు. డబ్బు పెరిగితే నామినేషన్లు ఆగుతాయన్న 1996 నాటి అంచనాను ఊళ్లు చందాలు వేసుకుని తప్పని తేల్చాయి. పాత రకం ఓటింగ్ యంత్రాల్లో 64 పేర్లకు మించి పెట్టే వీల్లేదు. బ్యాలెట్ కాగితమే మళ్లీ తప్పదేమో అనుకుంటుండగా ఎన్నికల సంఘం ఎం3 రకం యంత్రాలు తెప్పించింది. ఒక్కో యూనిట్‌కు పదహారు మీటలు. 185 మందికి, నోటాకు కలిపి ప్రతి పోలింగ్ కేంద్రంలో పన్నెండు యూనిట్లు వరసగా పెట్టారు.

ఫలితం నల్లగొండనే గుర్తు చేసింది. రైతు అభ్యర్థులు గెలుపు దరిదాపుల్లోకి రాలేదు. సిట్టింగ్ ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కుమార్తె కవిత మాత్రం 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయింది. గెలిచిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అరవింద్, గెలిస్తే ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని పోలింగుకు ముందే బాండు పేపరు మీద రాసిచ్చాడు. ఐదు రోజులు గడిచాయి, ఏళ్లూ గడిచాయి. రైతులు ఆ బాండును మరిచిపోలేదు. 2023లో జిల్లాలో రోడ్ల పక్కన పసుపురంగు బోర్డులు వెలిశాయి, ఎంపీ తెచ్చిన బోర్డు ఇదేనంటూ. అదే ఏడాది అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు, 4న నోటిఫికేషన్ వచ్చింది. 2024లో అరవింద్ లక్షకు పైగా ఆధిక్యంతో మళ్లీ గెలిచాడు. 2025 జనవరి సంక్రాంతి నాడు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రాసిచ్చిన మాటను దాచిపెట్టుకుని, అడగాల్సినప్పుడల్లా బయటికి తీసి చూపించడం వల్ల జరిగిన పని అది. పసుపుకు మద్దతు ధర అన్న రెండో కోరిక ఇంకా తీరలేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు.

ఈ కథకు ఇంకో ముఖం కూడా నల్లగొండలోనే ఉంది. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నిక జరిగింది. ఫ్లోరైడ్ పీడించిన నేలే అది. 47 మంది పోటీలో ఉన్నారు, దాదాపు 93 శాతం మంది ఓటేశారు. పోలింగ్ శాతం ఒక్కటే చూస్తే దేశానికి ఆదర్శం. ఆ వారాల్లో పత్రికల నిండా ఓటుకు ఇంత అన్న లెక్కలే. పక్క ఊరికి అందినంత మాకు అందలేదని కొన్నిచోట్ల జనం నిలదీశారని వార్తలు వచ్చాయి. ఏడాది ముందు హుజూరాబాద్ ఉపఎన్నికలోనూ డబ్బు కవర్లు రాలేదని మహిళలు రోడ్డెక్కారు. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడమూ చట్టం దృష్టిలో నేరమే, ఏడాది దాకా జైలు. ‘మన డబ్బే మనకిస్తున్నారు, తీసుకుని నచ్చినోడికి వేద్దాం’ అనే మాట ఊళ్లలో గట్టిగానే వినిపిస్తుంది. అందులో లౌక్యం ఉంది. డబ్బు ఇచ్చినవాడు మాత్రం ఆ లావాదేవీ పోలింగు రోజుతోనే చెల్లిపోయిందని అనుకుంటాడు. రేపు నీళ్ల కోసమో రోడ్డు కోసమో వెళ్తే గుమ్మం దగ్గరే జవాబు దొరుకుతుంది. 1996లో చందా వేసుకుని తమ పేరు బ్యాలెట్‌లో రాయించుకున్న పల్లెలకూ, 2022లో కవర్ కోసం ఎదురుచూసిన పల్లెలకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. డబ్బు నడిచిన దిక్కు మాత్రం తిరగబడింది. అప్పుడు ఓటరు జేబులోంచి వెళ్లింది, ఇప్పుడు ఓటరు జేబులోకి వచ్చింది.

నీళ్ల సంగతికి వస్తే, నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే పథకం వచ్చింది. 2000 మార్చిలో మందుపాతరకు బలైన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి పేరు దానికి పెట్టారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథకు 2015లో పైలాన్ ఆవిష్కరించింది ఆనాటి నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లోనే. శుద్ధి చేసిన నది నీళ్లు పల్లెలకు చేరాక కొత్తగా ఎముకలు వంగే పిల్లలు తగ్గారు. వంగినవి మాత్రం అలాగే ఉన్నాయి.

పొలాలకు నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమ గట్టు సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2005లో పనులు మొదలయ్యాయి. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, గడువులు చాలాసార్లు మారాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి, దూర రాష్ట్రాల నుంచి వచ్చిన ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అంతకుముందు ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు కాంగ్రెస్ అభ్యర్థి కుందూరు రఘువీర్‌రెడ్డిని ఐదున్నర లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిపించి ఉన్నారు. ఆ ప్రమాదం నాటికి తవ్వాల్సిన సొరంగం ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా మిగిలి ఉంది.